పిల్లలకు సైకాలజీ టెస్టులు: హనుమకొండలో చేయించాలా, ఎంజీఎంకు పోవాలా, సికింద్రాబాద్ దాకా వెళ్లాలా?

మూడో తరగతి అయిపోతున్నా మా చిన్నోడికి ‘పుస్తకం’ అన్న మాట చూసి చదవడం రాలేదు. ‘పు’ అనేవాడు, ‘స’ అనేవాడు, కింద ఉన్న తవత్తు దగ్గర ఆగిపోయి నా ముఖం చూసేవాడు. అదే పిల్లవాడు వాళ్ల తాత చెప్పిన సమ్మక్క సారలమ్మ కథ ఒక్కసారి విని, జంపన్న వాగు సంగతితో సహా మా అత్తమ్మకు తిరిగి చెప్పేవాడు. స్కూల్లో మేడం పిలిచి ‘ఒకసారి టెస్ట్ చేయించండి’ అన్నారు. ఏం టెస్ట్, ఎక్కడ, ఎవరి దగ్గర అని నేను అడగలేదు. అడగాలని అప్పుడు తెలియదు.

తెలిసినవాళ్లు చెబితే ఒక ప్రైవేటు సెంటర్‌కు తీసుకెళ్లాం. నలభై నిమిషాల్లో అయిపోయింది. ప్రశ్నలన్నీ ఇంగ్లిష్‌లోనే అడిగారు. ఒకే పేజీ రిపోర్టు ఇచ్చారు, అందులో ఒక ఐక్యూ నంబరు, పక్కన ‘బార్డర్‌లైన్’ అన్న మాట, అంటే తెలివి సగటు కంటే తక్కువగా, అంచున ఉందని. ఆ రాత్రి మా ఆయన అన్నం ముట్టలేదు. ఏడాది తర్వాత ఇంకోచోట రెండు పూటలు కూర్చోబెట్టి తెలుగులో పరీక్షించారు. తెలివితేటలు వయసుకు తగ్గట్టే ఉన్నాయని, చదవడం, రాయడంలో మాత్రం ఇబ్బంది ఉందని, దాన్నే డిస్లెక్సియా అంటారని తేలింది. మధ్యలో పోయిన ఆ ఏడాదంతా వాడికి మేం ‘తక్కువ’ పనులే చెప్పాం, తక్కువే ఆశించాం. అది తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అందుకే ఇది రాస్తున్నాను. మన ఓరుగల్లు వైపు, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు తల్లిదండ్రులు ఎక్కడికి పోవాలో తెలియక ముందు ఏ బోర్డు కనిపిస్తే అందులోకి వెళ్తున్నారు. ఏ చోటు మంచిది అని నన్ను అడుగుతుంటారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీకు ఏ ప్రశ్నకు జవాబు కావాలి? అది తేలితే చోటు దానంతట అదే తేలుతుంది.

ముందు ప్రశ్న, తర్వాత అడ్రసు

‘మా బిడ్డకు ఏమైంది’ అంటే ఏ సైకాలజిస్టూ జవాబు చెప్పలేరు. ‘రెండేళ్లు నిండినా అమ్మా అనడం లేదు, పిలిస్తే చూడడం లేదు’ అనేది ఒక ప్రశ్న. ‘నోటితో అన్నీ చెబుతుంది, కాగితం మీద రాయలేదు’ అనేది ఇంకో ప్రశ్న. ‘క్లాసులో ఐదు నిమిషాలు కూర్చోడు, ఇంట్లోనూ అంతే’ అనేది మూడోది. ‘పరీక్షల్లో అదనపు టైం కోసం సర్టిఫికెట్ కావాలి’ అనేది వీటన్నింటికీ వేరు. ఒక కాగితం తీసుకొని, ఎప్పటి నుంచి, ఎక్కడెక్కడ, ఏ పని దగ్గర ఇబ్బంది కనిపిస్తోందో నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి. స్కూలు టీచర్‌తో కూడా వాళ్లు చూసింది వాళ్ల మాటల్లో రాయించుకోండి. ఆ కాగితం నేను మొదటిసారి తీసుకెళ్లి ఉంటే, ఒక ఐక్యూ నంబరు చేతిలో పెట్టి పంపేవాళ్లు కాదు.

ఇంకో పని కూడా ముందే చేయించండి. మాటలు రాని పిల్లలకు చెవుల పరీక్ష, చదవలేని పిల్లలకు కళ్ల పరీక్ష. చిన్న పిల్లలకు ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలు నిద్రపోతున్నప్పుడు కూడా చేస్తారు. వినపడని పిల్లవాడిని కూర్చోబెట్టి తెలివితేటల పరీక్ష పెడితే వచ్చే నంబరుకు అర్థం ఉండదు.

ఎవరు ఏం చేస్తారు

సైకియాట్రిస్టు ఎండీ చదివిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, టెస్టులు, కౌన్సెలింగ్ వాళ్ల పని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టుకు అర్హత ఏమిటో చెప్పింది: మామూలుగా చూసేది పీజీ తర్వాత రెండేళ్లు పూర్తికాలం చదివిన ఎంఫిల్, దానికి ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి గుర్తింపు. ఆర్‌సీఐలో పేరు నమోదైనవాళ్లకు ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు అడగడంలో తప్పేమీ లేదు. మంచివాళ్లు సంతోషంగా చెబుతారు, రిపోర్టు కింద సంతకం పక్కన రాస్తారు కూడా. ‘మా దగ్గర అవన్నీ అవసరం లేదండి’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. పిల్లవాడికి మాట రాకపోతే నేరుగా ‘న్యూరో’ దగ్గరికి పోయి ఎంఆర్ఐ తీయించడం. ఫిట్స్ వచ్చినా, వచ్చిన మాటలు పోయినా న్యూరాలజిస్టు తప్పకుండా చూడాలి. కానీ మాటలోనూ నలుగురితో కలవడంలోనూ తేడా ఉండే ఆటిజం స్కానింగ్‌లో కనపడదు, అతి అల్లరి, ఏకాగ్రత లేకపోవడం కనిపించే ఏడీహెచ్‌డీకి రక్తపరీక్ష లేదు. ఈ రెండూ పిల్లవాడిని గమనించి, తల్లిదండ్రులను, టీచర్లను అడిగి తేల్చాల్సినవి. స్కాన్ నార్మల్ వచ్చిందని ఇంటికి వచ్చేసి రెండేళ్లు ఊరుకున్నవాళ్లను నేను చూశాను.

ఐదేళ్ల లోపు పిల్లలైతే

‘వాళ్ల నాయిన కూడా ఐదేండ్లకే మాట్లాడిండు, ఆగరాదు బిడ్డా’ అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ప్రేమతోనే అంటారు. అయినా ఆగకండి. ఈ వయసులో ఇంటికి దగ్గరగా, త్వరగా మొదలయ్యే చోటే మంచి చోటు.

అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే బృందం వస్తుంది. 2013లో మొదలైన ఈ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను చూస్తారు. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషకాల లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ వాళ్ల పరిధిలోనివే. అవసరమైతే డీఈఐసీ అనే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడ పిల్లల డాక్టర్, స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ, సైకాలజీ ఒకేచోట ఉండేలా ఆ కేంద్రాలను రూపొందించారు. డబ్బు కట్టక్కర్లేదు. మీ పిల్లవాడిని ఎక్కడికి పంపుతారో అంగన్‌వాడీ టీచర్‌ను గానీ, పీహెచ్‌సీలో గానీ అడగండి.

ప్రైవేటుగా పోతే పిల్లల డాక్టరే మొదటి మెట్టు. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఎంచాట్ అనే 20 ప్రశ్నల కాగితం ఉంటుంది. వేలితో చూపిస్తాడా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా, మీరు చూసిన వైపు చూస్తాడా, ఇలాంటివి. అది జల్లెడ మాత్రమే. అందులో అనుమానం వస్తే ఆటిజం ఉన్నట్టు కాదు, వివరంగా చూపించాలని అర్థం. వివరంగా చూసేటప్పుడు మన దేశంలో ఇసా అనే 40 అంశాల స్కేలు వాడతారు. అందులో 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 దాకా స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆ పైన తీవ్రం. సర్టిఫికెట్‌కు కూడా దీన్నే లెక్కలోకి తీసుకుంటారు.

థెరపీ సెంటర్ల గురించి ఇక్కడే చెప్పాలి. హనుమకొండలోనూ కరీంనగర్‌లోనూ ఈ మధ్య ‘చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్’ అనే బోర్డులు చాలా వచ్చాయి. వాటిలో ఓపికగా పనిచేసేవాళ్లు నిజంగానే ఉన్నారు, మా వాడికి చదువు నేర్పిన స్పెషల్ ఎడ్యుకేటర్ కూడా అలాంటి చోటే దొరికింది. కానీ పరీక్ష చేసేది, ‘మీ బాబుకు రోజుకు మూడు థెరపీలు కావాలి, ఆరు నెలల ప్యాకేజీ తీసుకోండి’ అని చెప్పేది, డబ్బు తీసుకునేది ఒక్కరే అయితే నేను జాగ్రత్త పడతాను. పరీక్ష ఒకచోట, థెరపీ ఇంకోచోట పెట్టుకోవడం మంచిది. అలా కుదరకపోతే కనీసం రిపోర్టు చేతికి వచ్చి, ఇంకొకరికి చూపించేదాకా ప్యాకేజీ డబ్బు కట్టకండి.

బడి వయసు: అసలు తికమకంతా ఇక్కడే

చదువు దగ్గర ఇబ్బంది పడే పిల్లలకు రెండు భాగాల పరీక్ష కావాలి. మొదటిది తెలివితేటలది. రెండోది చదవడం, రాయడం, లెక్కలది. మొదటిదే చేసి పంపేస్తే నా కథే మీకూ జరుగుతుంది.

తెలివితేటలకు బినే కామత్ పరీక్ష, మాలిన్ పరీక్ష మన దేశ పిల్లలకు తగ్గట్టు తయారుచేసినవి. మాలిన్ పరీక్ష 6 నుంచి 15 ఏళ్ల వాళ్లకు. అందులో మాటలతో జవాబు చెప్పే భాగం ఒకటి, చేతులతో చేసి చూపించే భాగం ఒకటి ఉంటాయి. వెక్స్‌లర్ పరీక్షకు కూడా భారతీయ రూపం ఉంది. రెండో భాగానికి ఎక్కువగా వాడేది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసిన ఎస్ఎల్‌డీ బ్యాటరీ, అంటే చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బందిని చూసే పరీక్షల కట్ట. అది 5 నుంచి 7 ఏళ్ల వాళ్లకు ఒక స్థాయి, 8 నుంచి 12 ఏళ్ల వాళ్లకు ఇంకో స్థాయి. పరీక్షకు ముందు ఫోన్ చేసి ‘ఐక్యూతో పాటు ఎస్ఎల్‌డీ బ్యాటరీ కూడా చేస్తారా?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సగం చోట్లు వడకట్టుకుపోతాయి.

ఏడేళ్లు నిండకముందే ‘డిస్లెక్సియా ఉంది’ అని గట్టిగా చెప్పేవాళ్లను నమ్మకండి. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం దీనికి వైకల్య సర్టిఫికెట్ 8 ఏళ్లు నిండినవాళ్లకే ఇస్తారు. మళ్లీ 14 ఏళ్లకు, 18 ఏళ్లకు పరీక్షించాలి. 18లో ఇచ్చింది జీవితాంతం చెల్లుతుంది. ఒకటో తరగతి పిల్లలు అక్షరాలు తిప్పి రాయడం మామూలే. ఆ వయసులో ఇబ్బంది కనిపిస్తే సాయం మొదలుపెట్టాలి, పేరు పెట్టడానికి తొందర అక్కర్లేదు.

ఇక భాష గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పడం లేదు. డిస్లెక్సియా గురించి నెట్‌లో చదివితే ఇంగ్లిష్ ‘బీ’, ‘డీ’ తారుమారు అవుతాయనే రాసి ఉంటుంది. తెలుగులో అది వేరేలా కనపడుతుంది. వత్తు ఎగిరిపోతుంది, ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అవుతుంది. కొమ్ముకు, కొమ్ము దీర్ఘానికి తేడా తెలియదు. ప, వ కలిసిపోతాయి. మ, య కలిసిపోతాయి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, స్కూల్లో ఇంగ్లిష్ మీడియం, తెలుగు ఒక్క పీరియడ్. అలాంటి పిల్లవాడు ఇంగ్లిష్ చదవలేకపోతే అది మెదడు పనితీరులో తేడా వల్లనా, ఆ భాష సరిగ్గా వినకపోవడం వల్లనా అని ఇంగ్లిష్ పరీక్షతో ఎలా తేలుతుంది? రెండు భాషల్లోనూ చదివించి, రాయించి చూడాలి. తెలివితేటల పరీక్ష మాత్రం వాడు అమ్మతో ఏ భాషలో అన్నం అడుగుతాడో ఆ భాషలోనే జరగాలి.

మహబూబాబాద్, నర్సంపేట తండాల్లోని లంబాడీ పిల్లలకు, ఏటూరునాగారం వైపు కోయ పిల్లలకు, ఉట్నూరు గోండు పిల్లలకు, వరంగల్ మండి బజార్‌లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు తెలుగు కూడా రెండో భాషే. వాళ్లను తెలుగులో పరీక్షించి ‘తక్కువ’ అనడం, మా వాడికి ఇంగ్లిష్‌లో చేసినదానికి తీసిపోదు. అలాంటప్పుడు మాటలు అవసరం లేని పరీక్షలు అడగండి. పది ఆకారాల చెక్కముక్కలను వాటి గుంతల్లో పెట్టే సెగ్విన్ ఫారం బోర్డు ఒకటి, రంగుల బొమ్మల్లో తప్పిపోయిన ముక్కను వెతికే రావెన్ పరీక్ష ఒకటి. రెండోదాంట్లో 36 బొమ్మలుంటాయి, చిన్న పిల్లలకు పెట్టేది. ఇవి కూడా మొత్తం తెలివిని కొలవవు, అయినా భాష అడ్డం పడకుండా చూస్తాయి. ఇంటి భాష తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లి సూచనలు చెప్పించవచ్చా అని కూడా ముందే మాట్లాడుకోండి.

ఐక్యూ నంబరు వచ్చాక దాన్ని పట్టుకొని కూర్చోకండి. సగటు 100 అనుకొని లెక్కిస్తారు. కొన్ని పాయింట్లు అటూ ఇటూ ఊగడం ఆ పరీక్ష స్వభావంలోనే ఉంది. నిద్ర లేకపోయినా, జ్వరం వచ్చి తగ్గినా, కొత్త మనిషిని చూసి బెదిరినా తగ్గుతుంది. 70 కంటే తక్కువ వచ్చినంత మాత్రాన మేధో వైకల్యం, అంటే బుద్ధిమాంద్యం, అనరు. తన పనులు తాను చేసుకోవడం, బట్టలు వేసుకోవడం, కిరాణా కొట్టుకు పోయి సామాను తేవడం, నలుగురితో మెలగడం కూడా చూడాలి. దానికి వైన్‌ల్యాండ్ స్కేలుతో తల్లిని కూర్చోబెట్టి అడుగుతారు. అది అడగకుండా ఆ ముద్ర వేస్తే ఒప్పుకోవద్దు.

అల్లరి, ఏకాగ్రత లేకపోవడం గురించి క్లుప్తంగా: ఏడీహెచ్‌డీ అనాలంటే ఇంట్లోనూ బడిలోనూ, కనీసం రెండు చోట్ల, ఆరు నెలలకు పైగా కనిపించాలి, 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. టీచర్‌తో ఫారం నింపించకుండా ఎవరైనా తేల్చేస్తే అది సగం పనే.

ఎంజీఎం, సికింద్రాబాద్, ప్రైవేటు

వరంగల్‌లోని ప్రభుత్వాసుపత్రి ఎంజీఎం, కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధం కాబట్టి సైకియాట్రీ విభాగం ఉంది. ఆదిలాబాద్ వాళ్లకు రిమ్స్, నిజామాబాద్ వాళ్లకు అక్కడి మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. ఓపీ చీటీ రాయించుకొని పొద్దున్నే వరుసలో నిలబడాలి. మొదటి రోజే పరీక్ష జరుగుతుందని వెళ్లకండి. మొదట డాక్టర్ చూసి, టెస్టులకు ఇంకో తారీఖు ఇస్తారు. క్లినికల్ సైకాలజిస్టు ఏ రోజుల్లో ఉంటారో ఆ మొదటి రోజే కనుక్కోండి. రద్దీలో పిల్లవాడు విసిగిపోతాడు, అది నిజం. కానీ డబ్బు ఖర్చు లేదు, మందులు కావాలన్నా అక్కడే, పెద్దపిల్లల్లో డిప్రెషన్ లాంటిది ఉంటే చూసే డాక్టర్ కూడా అక్కడే.

సర్టిఫికెట్ మీ ప్రశ్న అయితే ప్రభుత్వ దారి తప్పదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం, మేధో వైకల్యం, డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలో ఇబ్బందులు, మానసిక వ్యాధి ఉన్నాయి. మనం సదరం సర్టిఫికెట్ అని పిలుచుకునేదైనా, దేశమంతటికీ ఉన్న యూడీఐడీ కార్డు అయినా ప్రభుత్వం నియమించిన వైద్య బృందమే ఇవ్వాలి. ప్రైవేటు రిపోర్టు ఎంత బాగున్నా అది సర్టిఫికెట్ కాదు, తోడుగా చూపించడానికి పనికొస్తుంది. వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో ఉన్నత చదువులకు 5 శాతం సీట్లు, ఇంకా కొన్ని హక్కులు వర్తిస్తాయి. సీబీఎస్ఈ పిల్లలకు గంటకు 20 నిమిషాల అదనపు టైం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు ఉన్నాయి. మన ఎస్సెస్సీ పిల్లలైతే హెడ్మాస్టర్ ద్వారా డీఈఓ ఆఫీసుకు పెట్టుకోవాలి. పదో తరగతి ఫీజు కట్టే టైంలో పరిగెత్తితే కుదరదు, తొమ్మిదిలోనే కాగితాలు సిద్ధం చేసుకోండి.

సికింద్రాబాద్‌లో బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో మొదలైంది, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, పాతవాళ్లు ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. ఎదుగుదల మొత్తంగా వెనకబడిన పిల్లలకు, ఆటిజం అనుమానం ఉన్నవాళ్లకు, రెండు మూడు ఇబ్బందులు కలగలిసినవాళ్లకు నేను మొదట చెప్పే పేరు అదే. సైకాలజీ, స్పీచ్, స్పెషల్ ఎడ్యుకేషన్, ఫిజియోథెరపీ అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. ఇంట్లో మనం ఏం చేయించాలో కూడా నేర్పిస్తారు. కాజీపేటలో పొద్దున బండి ఎక్కితే సుమారు 130 కిలోమీటర్లు. కష్టమల్లా ఏమిటంటే, తెల్లవారుజామున లేపి, రైల్లో కూర్చోబెట్టి, ఆటోలో తిప్పి తీసుకెళ్లిన మూడేళ్ల పిల్లవాడు అక్కడికి చేరేసరికి ఏడుస్తుంటాడు. వీలైతే ముందురోజే వెళ్లి చుట్టాలింట్లో పడుకోండి. వారం వారం థెరపీకి అక్కడికి తిరగడం మనవల్ల అయ్యే పని కాదు. పరీక్ష, ప్లాన్ అక్కడ చేయించుకొని రోజువారీ పని ఇక్కడ పెట్టుకోండి.

చదువు ఇబ్బంది ఒక్కటే ఉండి మిగతా అంతా బాగుంటే మాత్రం అంత దూరం అక్కర్లేదు. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఆర్‌సీఐ నంబరున్న క్లినికల్ సైకాలజిస్టు, తెలుగులో, తొందర లేకుండా, రెండు మూడు పూటలు చేస్తే అదే మేలు. మా రెండో పరీక్ష అలాగే జరిగింది. మధ్యలో మా వాడు అలసిపోతే ‘ఇయ్యాల్టికి చాలు నాన్నా, రేపు రా’ అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది. ఫీజు ముందే అడగండి. అందులో రిపోర్టు, దాన్ని విడమర్చి చెప్పే సిట్టింగ్ కూడా ఉన్నాయా అన్నది కూడా అడగండి.

సర్కారు బడి పిల్లలకు మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటుంది. అక్కడ ఆ పిల్లలకు నేర్పే ఐఈఆర్పీ సార్లు, మేడంలు రోగ నిర్ధారణ చేయరు, కానీ ఏ శిబిరం ఎప్పుడో, ఏ కాగితం ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. దారి తెలియని పల్లె తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది వాళ్ల దగ్గరికి పొమ్మనే.

వేలిముద్రలు తీసుకొని ‘మీ అమ్మాయి డాక్టర్ అవుతుంది’ అని చెప్పే డీఎంఐటీ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదు. స్కూల్లో క్యాంపు పెట్టినా సరే, ఆ డబ్బు ఇవ్వకండి.

పెద్దపిల్లలు

పదో తరగతి తర్వాత ఎంపీసీనా బైపీసీనా అని తేల్చుకోవడానికి ఆప్టిట్యూడ్ టెస్టులు ఉన్నాయి, చేయించవచ్చు. పిల్లలతో గంటసేపు మాట్లాడితే తెలిసేదే చాలాసార్లు అవీ చెబుతాయి.

నా బెంగ హాస్టళ్లలో ఉన్న ఇంటర్ పిల్లల గురించి. బాగా చదివే అమ్మాయి మార్కులు పడిపోయాయని ఐక్యూ టెస్టుకు తీసుకొస్తారు. తొమ్మిదో తరగతి దాకా బాగా చదివిన పిల్లకు పదహారేళ్లకు తెలివి తగ్గదు. నిద్ర ఎలా ఉంది, అన్నం తింటోందా, ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఎవరైనా తాకరాని చోట తాకారా, బతకాలని లేదని ఎప్పుడైనా అన్నదా, ఇవీ అడగాల్సినవి. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఉన్నా నీరసం, మతిమరుపు వస్తాయి, అవి కూడా చూపించండి. ఈ వయసులో టెస్టుల కంటే ముందు, పిల్లతో ఒంటరిగా, మనల్ని బయట కూర్చోబెట్టి మాట్లాడే సైకియాట్రిస్టు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ కావాలి. ‘మా ముందే అడగండి’ అని పట్టుబట్టకండి. మీకు చెప్పలేనిది వాళ్లకు చెబుతుంది. ప్రాణానికి ముప్పు ఉన్న మాట ఏదైనా ఉంటే వాళ్లు మీకు తప్పకుండా చెబుతారు.

చచ్చిపోతానన్న మాట పిల్లల నోట వస్తే టెస్టు తారీఖు కోసం ఆగవద్దు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు, ఉచితం. పిల్లలే చేయవచ్చు, మీరూ చేయవచ్చు. ‘పిచ్చి డాక్టర్ దగ్గరికి పోతే పెండ్లి కాదు’ అనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. బంధువులకు చెప్పకండి, ఇబ్బంది లేదు. పిల్లను మాత్రం తీసుకెళ్లండి.

రిపోర్టు చేతికొచ్చాక

ఏ పరీక్షలు చేశారో పేర్లు, ఏ భాషలో చేశారు, ఏ తేదీల్లో చేశారు, పరీక్షప్పుడు పిల్లవాడు ఎలా ఉన్నాడు, ఏం బాగా చేయగలడు, స్కూలు ఏం చేయాలి, ఇల్లు ఏం చేయాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ‘ఏ భాషలో’ అన్నది లేకపోతే రాయించుకోండి. అర్థం కాని మాట దగ్గర ఆపి తెలుగులో చెప్పమనండి. నమ్మకం కుదరకపోతే రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. కాకపోతే అదే పరీక్షను నెల రోజుల్లో మళ్లీ పెట్టించకండి, పిల్లలకు ప్రశ్నలు గుర్తుండి నంబరు మారిపోతుంది. మొదటి రిపోర్టు దాచకుండా రెండోవాళ్లకు చూపిస్తే ఏ పరీక్ష వేరేది పెట్టాలో వాళ్లే చూసుకుంటారు.

పరీక్ష రోజు పొద్దున పిల్లలకు కడుపునిండా పెట్టండి. కళ్లద్దాలు, పాత నోటు పుస్తకాలు రెండు, స్కూలు ప్రోగ్రెస్ కార్డులు వెంట తీసుకెళ్లండి. ‘ఇంజక్షన్ ఉండదు, ఆటల్లాంటి ప్రశ్నలు అడుగుతారు’ అని ముందురాత్రే చెప్పండి. బాగా చెప్పాలని మాత్రం అనవద్దు.

మా వాడు ఇప్పుడు ఏడో తరగతి. రిపోర్టు జిరాక్సులు నాలుగు తీసి బీరువాలో పెట్టాను. ప్రతి జూన్‌లో, పుస్తకాలకు అట్టలు వేసిన వారమే, ఒకటి పట్టుకొని కొత్త క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్తాను. సిఫార్సులున్న చివరి పేజీ తెరిచి, మా వాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టమని, అందరి ముందు గట్టిగా చదివించవద్దని, నోటితో అడిగితే జవాబు చెబుతాడని చూపిస్తాను. పోయినేడు తెలుగు సార్ ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు.